అందరి పనీ ఒకే పలక మీద

(సమాఖ్య వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

సోలాపూర్, భివండి నుంచి, బళ్ళారి, బెంగళూరు నుంచి, సేలం, కాంచీపురం నుంచి, బరంపురం నుంచి, యానాం నుంచి బంధువులందరూ వచ్చారు. వెనక వరుసల్లో తమ్ముళ్ళు ఫోన్లు చూసుకుంటున్నారు. ఆ ఫోన్ల గురించే ఇవాళ నా మాట, కాబట్టి జేబులో పెట్టుకోనక్కర్లేదు.

నాకు ఇచ్చిన విషయం 'ఆన్‌లైన్ వేదిక మీద బృందంగా పనులు నడుపుకోవడం'. ఆహ్వాన పత్రికలో ఇది చదివి మా మేనమామ ఒకాయన, "ఇది కంపెనీ ఆఫీసుల గోల గదరా, మగ్గం కాడ కూసునేటోనికి ఎందుకు?" అన్నాడు. అడగవలసిన ప్రశ్నే. జవాబు చెప్పే ముందు ఒక్క చీర లెక్క వేద్దాం. నూలో పట్టో తెచ్చేవారు ఒకరు. రంగు అద్దేవారు ఒకరు. కండెలు చుట్టేవారు, పడుగు పోసేవారు, గంజి పట్టించేవారు, అచ్చు అతికేవారు, నేసేవారు, చివర మడత పెట్టి పంపేవారు. సాంచాల మీద దుప్పటి నేసినా అంతే: వార్పింగు, సైజింగు, బీము ఎక్కించడం, నేత, కుట్టు, ప్యాకింగు. ఒకరి పని అయితేనే ఇంకొకరిది మొదలవుతుంది. ఇట్లా ఒకదాని మీద ఒకటి ఆధారపడిన పనులను, గడువు పెట్టుకొని, పదిమంది కలిసి చేస్తే దానికే ఆఫీసుల వాళ్ళు ప్రాజెక్టు అని పేరు పెట్టుకున్నారు. మన తాతలు దాన్ని పని అన్నారు, అంతే తేడా.

ఇంకొక సంగతి చెబుతాను, ఇది మీలో చాలామంది విని ఉండరు. ఇవాళ ప్రపంచంలోని చాలా సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో పనులను చీటీల మీద రాసి, ఒక పలక మీద గడులు గీసి, పని ముందుకు సాగేకొద్దీ చీటీని ఒక గడి నుంచి ఇంకో గడికి జరుపుతుంటారు. దాన్ని కాన్‌బాన్ అంటారు. జపాన్ మాట అది, గుర్తు పలక అని అర్థం. ఈ పద్ధతి టొయోటా కార్ల కంపెనీలో పుట్టింది. మరి టొయోటా ఎక్కడ పుట్టింది? మగ్గంలో.

సకిచి టొయోడా అని 1867లో పుట్టిన ఒక వడ్రంగి కొడుకు. వాళ్ళమ్మ ఇంట్లో మగ్గం నేసేది. ఆమె పడే కష్టం చూస్తూ పెరిగిన ఆ పిల్లవాడు 1890లో ఒక చేత్తో నడపగలిగే చెక్క మగ్గం తయారుచేశాడు. అక్కడితో ఆగలేదు. 1924 నాటికి నడుస్తుండగానే నాడె మార్చుకునే మగ్గం, పోగు తెగితే తనంతట తాను ఆగిపోయే మగ్గం తెచ్చాడు. ఇంగ్లండులోని ప్లాట్ బ్రదర్స్ అనే పేరుమోసిన మగ్గాల కంపెనీ 1929లో దాని పేటెంటు హక్కులు కొనుక్కుంది. ఆ మగ్గాల కంపెనీలోనే కొడుకు కార్ల విభాగం పెట్టాడు, 1937లో అది వేరే కంపెనీ అయింది. చీటీల పద్ధతి తెచ్చిన తాయిచి ఓనో కూడా 1932లో ఉద్యోగంలో చేరింది టొయోడా వారి నూలు, నేత మిల్లులోనే. కార్ల కంపెనీకి తర్వాత మారాడు. పోగు తెగితే మగ్గం ఆగాలి, చెడిన గుడ్డ ముందుకు పోకూడదు అన్న నేతగాడి బుద్ధే ఆ పద్ధతికి వేరు. కాబట్టి మామా, ఇది కంపెనీల నుంచి మన దగ్గరికి వస్తున్నది కాదు. మగ్గం దగ్గర మొదలై, ఊరంతా తిరిగి, ఇప్పుడు ఇంటికి వస్తున్నది.

సరే, ఇప్పుడు మనం ఏం చేస్తున్నాం? వాట్సాప్ గ్రూపు. ఆర్డరు అందులోనే వస్తుంది, డిజైను ఫోటో అందులోనే, రంగు మార్పు అందులోనే, "గుడ్ మార్నింగ్" పూల బొమ్మలు, ఎవరింట్లోనో పెళ్ళి పత్రిక, ఎవరో పోయారన్న కబురు, అన్నీ అందులోనే. వాట్సాప్‌ను నేను తిట్టను. అది లేకపోతే మన సమాఖ్యే ఇంత దూరం వచ్చేది కాదు. కానీ అది మాట్లాడుకోవడానికి పుట్టింది. మాట కిందికి జారిపోతుంది. "కొంగు అడుగు పెంచమన్నారు" అన్న వాక్యం నూట యాభై సందేశాల కింద పడిపోతే, అది చూడని నేతగాడు పాత కొలతే నేస్తాడు. తప్పెవరిది? చెప్పినవాడు "నేను చెప్పాను" అంటాడు, అదీ నిజమే. నేసినవాడు "నేను చూడలేదు" అంటాడు, అదీ నిజమే. నష్టం మాత్రం నేసినవాడి కూలిలో కోత పడుతుంది.

ఆన్‌లైన్ పలకలో తేడా ఎక్కడుందంటే, అక్కడ మాట పనికి అంటుకొని ఉంటుంది. ట్రెల్లో, జోహో ప్రాజెక్ట్స్, మైక్రోసాఫ్ట్ ప్లానర్ లాంటివి చాలా ఉన్నాయి. జోహో మన చెన్నై కంపెనీయే, 1996లో వేరే పేరుతో మొదలైంది. నేను ఎవరికీ ఏజెంటును కాను. ఏది తీసుకున్నా లోపలి ఏర్పాటు ఇంచుమించు ఒకటే. ఒక్కో పనికి ఒక చీటీ. ఆ చీటీలో ఎవరు చేయాలి, ఎప్పటికి చేయాలి, ఫోటో, కొలత, దాని గురించి జరిగిన మాటలు అన్నీ ఉంటాయి. కొంగు కొలత మారితే ఆ చీటీలోనే మారుతుంది, ఎవరు ఏ రోజు మార్చారో కూడా అక్కడే పడుతుంది. క్యాలెండరు, ఫైళ్ళు, ముచ్చట్లు, పనుల జాబితా ఒకే చోట కలిపి ఉండడమే దీని బలం. నాలుగు చోట్ల వెతికే పని లేదు.

ఉదాహరణకు ఒక దుకాణం పెళ్ళిళ్ళ సీజనుకు 60 చీరలు అడిగిందనుకుందాం. గడువు 45 రోజులు. మన దగ్గర 12 మగ్గాలు. పడుగుకు ఎన్ని చీరలన్నది ఊరిని బట్టి, రకాన్ని బట్టి మారుతుంది, లెక్క సులువుగా ఉండడానికి మగ్గానికి 5 అనుకుందాం. చీరకు 6 రోజులు పడితే నేతకు 30 రోజులు. అంతకు ముందు రంగుకు 5, పడుగుకు 4, అచ్చు అతకడానికి 3, మొత్తం 12 రోజులు. అంటే 42. మిగిలిన 3 రోజుల్లో చూసుకోవడం, మడత, లారీకి వేయడం. ఎక్కడా ఊపిరి పీల్చుకునే సందు లేదు, గమనించండి. పైగా ఇందులో వాన పడితే రంగు ఆరని రోజు, పండగ రోజు, కరెంటు పోయిన రోజు లెక్కలో లేవు. మనలో చాలామంది ఆర్డరు ఒప్పుకునేది ఇట్లాంటి లెక్కతోనే, అది కూడా నోటి లెక్కతో.

ఇప్పుడు అద్దకం దగ్గర ఒక రంగు 4 రోజులు ఆలస్యమైంది. ఆ రంగు 3 మగ్గాలకు కావాలి. గ్రూపులో అయితే ఏం జరుగుతుంది? ఆ 3 మగ్గాల వాళ్ళు ఎదురుచూస్తూ కూర్చుంటారు. ఆర్డరు తీసుకున్న పెద్దమనిషికి నలభయ్యో రోజున తెలుస్తుంది. దుకాణానికి నలభై నాలుగో రోజున తెలుస్తుంది. అప్పుడు గొడవ, ధర తగ్గింపు. అదే పలక మీద ఐదో రోజు సాయంత్రానికి 9 చీటీలు 'పడుగు' గడిలోకి జరుగుతాయి, 3 చీటీలు 'రంగు' గడిలోనే ఎర్రబడి ఉంటాయి. ఆరో రోజు పొద్దున్నే దుకాణానికి ఫోను చేసి "45 చీరలు చెప్పిన రోజుకే, మిగతా 15 నాలుగు రోజుల తర్వాత రెండో విడత" అని చెప్పవచ్చు. ముందుగా చెబితే చాలామంది వ్యాపారులు ఒప్పుకుంటారు. చివరి రోజు చెబితే ఎవరూ ఒప్పుకోరు.

దీంట్లో ఇంకో సంగతి నాకు అన్నిటికంటే ముఖ్యం. ఆ 15 చీరలు ఎందుకు ఆలస్యమయ్యాయో రాత ఉంటుంది. రంగు నూలు ఐదో రోజు బదులు తొమ్మిదో రోజు చేతికొచ్చిందని తేదీతో సహా కనబడుతుంది. తరతరాలుగా ఆలస్యం ఎక్కడ జరిగినా నింద పడేది చివర మగ్గం మీద కూర్చున్నవాడి మీదే. ఎందుకంటే అందరికీ కనబడేది అతనే.

కనబడని వాళ్ళ సంగతి కూడా చెప్పాలి. కండెలు ఎవరు చుడుతున్నారు? అమ్మ, నాయనమ్మ, కోడలు, బడి నుంచి వచ్చిన ఆడపిల్ల. 2019-20 చేనేత గణనలో 35 లక్షలకు పైగా చేనేత పనివారు తేలారు. నేసేవారిలోనే 70 శాతానికి మించి స్త్రీలు. మన ఇళ్ళలో మాత్రం "మా ఆయన నేస్తాడు, నేను ఊరికే కండెలు పడతాను" అంటారు. ఊరికే! ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం గారు ఆసు యంత్రం చేసి 2017లో పద్మశ్రీ అందుకున్నారంటే, ఆసు పోసీ పోసీ వాళ్ళమ్మకు వచ్చిన భుజాల నొప్పి ఆయన కంట పడింది కాబట్టి. జపానులో తల్లి మగ్గం, తెలంగాణలో తల్లి ఆసు. పలక మీద కండెలకు విడిగా ఒక చీటీ పెట్టండి. దాని మీద ఆమె పేరే రాయండి, ఇంటి యజమాని పేరు కాదు. రెండు ఆర్డర్లు గడిచేసరికి ఆమె ఎన్ని గంటల పని చేస్తున్నదో లెక్క తేలుతుంది. ఆ లెక్క తేలాక ధర మాట్లాడేటప్పుడు అది కూడా ఖర్చులోకి రావాలి. కొన్ని ఇళ్ళలో దీని మీద వాదన జరుగుతుందని నాకు తెలుసు. జరగనివ్వండి.

ఇక మన సమాఖ్యకు మాత్రమే ఉన్న చిక్కు ఒకటి ఉంది. హైదరాబాదులో ఎవరైనా ఈ పలక తయారుచేసి ఇస్తే అంతా తెలుగులో రాసి ఇస్తారు. మనమందరం ఇంట్లో తెలుగే మాట్లాడతాం. కానీ చదవడం? సోలాపూర్ పిల్లలు మరాఠీలో చదువుకున్నారు. సేలంలో తమిళం, బళ్ళారిలో కన్నడం, బరంపురంలో ఒడియా. తెలుగు అక్షరాలు తడుముకోకుండా చదివేది యానాం వాళ్ళు, మరికొంతమంది పెద్దలు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసుకుంటున్నాం గానీ అది ఒక్కొక్కరిది ఒక్కో తీరు. అందుకని నా సలహా, మన పలక మీద అక్షరం తక్కువ ఉండాలి. గడుల పేర్లు ఏడెనిమిదే కాబట్టి బొమ్మలతో పెట్టుకోవచ్చు: రంగు గిన్నె, కండె, పడుగు, మగ్గం, మడత చీర. కొలతలు అంకెల్లో. మిగతాది మాటలో చెప్పి రికార్డు చేసి చీటీకి తగిలించండి. చెవికి మనందరిదీ ఒకే భాష. యాస వేరైనా అర్థమవుతుంది.

యాస అంటే గుర్తొచ్చింది, రంగుల పేర్లతో జాగ్రత్త. "పచ్చ అంచు" అని చీటీలో రాశారనుకోండి. తెలంగాణ మూలం ఉన్న సోలాపూర్ ఇంట్లో పచ్చ అంటే పసుపు రంగు. సేలంలో తమిళం మధ్య పెరిగినవాడికి పచ్చ అంటే ఆకు రంగు. ఇద్దరూ తెలుగువాళ్ళే, ఇద్దరిదీ సరైన తెలుగే. చీర మాత్రం తప్పు రంగులో వస్తుంది. రంగుకు పేరుతో పాటు షేడు కార్డు నెంబరు తప్పకుండా రాయాలి. ఫోటో చాలదా అంటారేమో, చాలదు. ఒకే ఫోటో రెండు ఫోన్లలో రెండు రంగులుగా కనబడుతుంది. కొత్త రంగు అయితే ఒక మూర నూలు కవరులో పెట్టి పోస్టులో పంపండి. పంపిన తేదీ చీటీలో వేయండి. ఎంత ఆన్‌లైన్ అయినా పోగును వేళ్ళ మధ్య పట్టుకొని చూడవలసిందే.

పెద్దవాళ్ళ భయం ఒకటి ఉంది, దాన్ని దాటవేయను. "ఇదంతా మా మీద నిఘా పెట్టడానికేనా? ఎవడు ఎన్ని గజాలు నేశాడో షావుకారు తన గదిలో కూర్చొని చూడ్డానికా?" అని అడుగుతారు. అట్లా వాడుకోవచ్చు. వాడుకునేవాళ్ళు ఉంటారు కూడా. కాబట్టి పలక పెట్టే ముందు కూర్చొని కట్టుబాట్లు రాసుకోండి. మగ్గాలను ఒకదానితో ఒకటి పోల్చే పట్టికలు వద్దు. కూలి సంగతి పలక మీద వద్దు, అది ఆ ఇద్దరి మధ్య ఉండాలి. జ్వరం వచ్చి నేయలేకపోతే చీటీ మీద "ఆగింది" అని పెడితే చాలు, కారణం అందరికీ చెప్పనక్కర్లేదు. అన్నిటికంటే పెద్ద కట్టుబాటు ఏమిటంటే, తేదీలు రెండువైపులా ఉండాలి. నేతగాడు ఎప్పుడు ఇచ్చాడన్నది రాస్తే, షావుకారు నూలు ఎప్పుడు ఇచ్చాడు, అడ్వాన్సు ఎప్పుడు ఇచ్చాడు, మిగతా డబ్బు ఎప్పుడు ఇచ్చాడు అన్నవి కూడా అదే పలక మీద చీటీలుగా ఉండాలి. ఒకవైపు తేదీలే ఉన్న పలకలో చేరవద్దని నేను ఈ వేదిక మీద నుంచే చెబుతున్నాను.

తేదీ విలువ ఏపాటిదో చూడండి. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల చట్టం ఒకటి ఉంది. మీ యూనిట్‌కు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉంటే, సరుకు అందుకున్న కొనుగోలుదారు రాతపూర్వకంగా ఎంత గడువు రాసుకున్నా సరే 45 రోజుల లోపల డబ్బు కట్టాలి. రాత లేకపోతే 15 రోజులే. దాటితే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీతో బాకీ పడతాడు. ఫిర్యాదుకు ప్రభుత్వ పోర్టల్ కూడా ఉంది. కానీ అక్కడ మొదట అడిగేది బిల్లు, సరుకు ఏ రోజు చేరింది, ఎవరు తీసుకున్నారు అని. మన దగ్గర ఎన్ని ఇళ్ళలో ఆ కాగితాలు ఉన్నాయి? సరుకు పంపిన చీటీలోనే బిల్లు ఫోటో, లారీ రశీదు, అందినట్టు దుకాణం వాళ్ళ సంతకం ఫోటో పెట్టే అలవాటు చేసుకుంటే, అవసరమైన రోజు వెతుక్కోనక్కర్లేదు. పలక ఉంది కదా అని కాగితం పారేయకండి, రెండూ ఉంచుకోండి.

డిజైన్ల సంగతి. 2000 నాటి డిజైన్ల చట్టం కింద కొత్త డిజైను రిజిస్టర్ చేసుకుంటే పదేళ్ళు, పొడిగిస్తే ఇంకో ఐదేళ్ళు రక్షణ ఉంటుంది. అయితే రిజిస్టర్ చేయకముందే అది బయటి ప్రపంచానికి కనబడితే కొత్తదనం పోయినట్టే, హక్కు రాదు. అందుకే డిజైను ఉన్న పలకను 'లింకు ఉన్న ఎవరైనా చూడవచ్చు' అన్న పద్ధతిలో పెట్టకండి. పేరు పేరునా పిలిచినవాళ్ళకే తలుపు తెరవాలి. పని అయిపోయి వెళ్ళిపోయినవాళ్ళ పేరు తీసేయాలి. కొత్త చీర నేయగానే స్టేటస్‌లో పెట్టి మురిసిపోయే తమ్ముళ్ళు కాస్త ఓపిక పట్టండి, ముందు రిజిస్ట్రేషన్, తర్వాత మురిపెం.

తాళాలు ఎవరి దగ్గర ఉండాలన్నది త్వరగా చెప్పేస్తాను. సంఘంలో చురుకైన కుర్రాడు ఒకడు ఉంటాడు, వాడి సొంత మెయిలుతో అంతా తెరుస్తారు. వాడికి దుబాయిలో ఉద్యోగం వస్తుంది. పలక వాడితో పాటు విమానం ఎక్కుతుంది. సంఘం పేరుతో ఒక మెయిలు తెరవండి, ఇద్దరికి పెత్తనం ఇవ్వండి, అందులో ఒకరు ఊళ్ళోనే స్థిరంగా ఉండే అక్కయ్య అయితే మరీ మంచిది. రెండంచెల భద్రత పెట్టుకోండి. ఓటీపీ ఎవరు అడిగినా ఇవ్వకూడదన్నది మీకు బ్యాంకు వాళ్ళు చెప్పే ఉంటారు. నెలకొకసారి పలకను ఫైలుగా దింపుకొని పెన్‌డ్రైవులో పెట్టుకోండి. ఉచిత పథకంలో ఎంతమందిని చేర్చవచ్చో చేరే రోజున చూసుకోండి, కంపెనీలు ఆ లెక్క మారుస్తూ ఉంటాయి. డబ్బు కట్టే పథకం మొదటి రోజే తీసుకోవద్దు.

అందరూ ఒకేసారి మారాలని కూడా నేను అనను. ఇంకా కీప్యాడు ఫోనే వాడే పెద్దనాయనలు ఉన్నారు. వాళ్ళ చీటీ జరిపే పని పక్కింటి పిల్లకు అప్పగించండి. ఆయన మగ్గం దిగి "అయిపోయిందమ్మా" అంటే ఆ పిల్ల చీటీ జరుపుతుంది. పాత నోటుబుక్కు కూడా మానకండి. మొదట ఒక్క ఆర్డరు, అదీ చిన్నది, బాగా తెలిసిన దుకాణానిది తీసుకోండి. గడులు ఐదు మించనివ్వకండి. మొదటి వారం ఎవరూ చీటీలు జరపరు, రోజూ సాయంత్రం ఒకరు ఫోను చేసి గుర్తుచేయాల్సి వస్తుంది. రెండో వారంలో "నా చీటీ ఎందుకు ఎర్రగా ఉంది, నూలే రాలేదు కదా" అని ఎవరో ఒకరు కోపంగా ఫోను చేస్తారు. ఆ ఫోను వచ్చిందంటే పలక పనిచేస్తున్నట్టే. ఆ కోపాన్ని సంతోషంగా భరించండి.

మధ్యాహ్నం భోజనాల తర్వాత పక్క హాల్లో నాలుగు బల్లలు వేయించారు. భాషకొక బల్ల: మరాఠీ, తమిళం, కన్నడం, ఒడియా చదివేవాళ్ళకు. తెలుగు చదివేవాళ్ళు ఎక్కడైనా కూర్చోవచ్చు. నేను చెప్పిన 60 చీరల ఆర్డరునే పలక మీద పెట్టి చూపిస్తాం, మీరే చీటీలు జరిపి చూడవచ్చు. మీ దగ్గర ఇప్పుడు నడుస్తున్న ఆర్డరు వివరాలు ఉంటే తెచ్చుకోండి, అక్కడే ఎక్కించి పంపుతాం. ఫోను చార్జింగ్ చేసుకొని రండి, ప్లగ్గులు తక్కువున్నాయి. మగవాళ్ళు ఒక్కరే రాకుండా, కండెలు పట్టేవాళ్ళను కూడా వెంట తీసుకురండి.